రెండో మనిషి లేనప్పుడు

(రికార్డింగ్ విని రాసుకున్న ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి పెడుతున్నాం. తడబాట్లు తీసేశాం, మాట్లాడిన తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? ముందు రెండు వరుసలూ ఖాళీగా ఉన్నాయి. రండి, ముందుకు రండి. దగ్గరగా కూర్చుంటే నాకూ మాట్లాడాలనిపిస్తుంది.

ఇవాళ నన్ను మాట్లాడమన్నది ఒంటరితనం గురించి. వ్యక్తిగత జీవితంలో, రాజకీయాల్లో, ఆధ్యాత్మిక జీవితంలో. ఇవి మూడు వేరు వేరు సంగతులని అనుకుంటాం. మొదటిది డాక్టర్లు చూసుకుంటారు, రెండోది ఉద్యమాలవాళ్ళు చూసుకుంటారు, మూడోది గురువులు చూసుకుంటారు అని. నేను చాలాకాలంగా ఈ మూడింటినీ ఒకేచోట పెట్టుకుని చదువుతున్నాను. చదివేకొద్దీ మూడుచోట్లా పోయేది ఒకటేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఏమిటి పోయేది? మాట్లాడేవాళ్ళు లేరు, పలకరించేవాళ్ళు లేరు, కష్టమొస్తే ఆదుకునేవాళ్ళు లేరు. ఇవన్నీ నిజమే. కానీ వీటన్నిటికంటే అడుగున ఇంకొకటి ఉంది. నేను చూస్తున్నది నిజమేనా, నేను అనుకుంటున్నది సరైనదేనా అని సరిచూసుకోవడానికి ప్రతి మనిషికీ ఒక రెండో మనిషి కావాలి. "నీకూ అలాగే కనిపిస్తోందా?" అని అడగడానికి ఒకరు కావాలి. ఆ ఒకరు లేనప్పుడు మనిషికి తన కళ్ళ మీద తనకే నమ్మకం పోతుంది. లేదా ఉండకూడనంత నమ్మకం వస్తుంది. రెండూ ప్రమాదమే. "నీకూ అలాగే కనిపిస్తోందా?" ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. గంటసేపూ దీని చుట్టూనే తిరుగుతాను.

ముందు కొన్ని లెక్కలు చెప్పేసి పక్కన పెడతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒంటరితనం మీద పనిచేయడానికి ఒక కమిషన్ వేసింది. ఆ కమిషన్ 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దానివల్ల ఏటా సుమారు 8,71,000 మరణాలు జరుగుతున్నాయని అందులో ఉంది. అంటే గంటకు వంద మంది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఈ సమస్య చూడటానికే మంత్రుల్ని పెట్టాయి. 2010లో అమెరికాలో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 148 అధ్యయనాల్ని కలిపి చూశారు. మొత్తం మూడు లక్షల మందికి పైగా మనుషుల సమాచారం అది. గట్టి మానవసంబంధాలు ఉన్నవాళ్ళకు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా కనిపించింది.

సరే, లెక్కలు అయిపోయాయి. ఇప్పుడు అసలు విషయం. మనుషులు లేకపోతే మనసు బాధపడుతుంది, అది అర్థమవుతుంది. శరీరం ఎందుకు పాడవ్వాలి?

షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ కాసియోప్పో అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. 2018లో చనిపోయారు. ఒంటరితనాన్నే పట్టుకుని రెండు దశాబ్దాలకు పైగా పనిచేశారు. ఒంటరితనం ఆకలి లాంటిదని ఆయన అనేవారు. తిండి కావాలని ఆకలి చెప్పినట్టు, మనుషులు కావాలని ఇది చెబుతుంది. ఇంతవరకూ ఇది రోగం కాదు, ఆరోగ్యమైన సూచనే. తేడా ఎక్కడొస్తుందంటే, ఆకలిగా ఉన్నవాడు అన్నం చూస్తే దగ్గరికి వెళతాడు. చాలాకాలం ఒంటరిగా ఉన్నవాడు మనిషిని చూస్తే వెనక్కి జరుగుతాడు.

ఎందుకు? తోడు లేని ప్రాణికి చుట్టూ ప్రమాదం ఎక్కువ. అందుకని మెదడు కాపలా పెంచుతుంది. నిద్రలో కూడా కాపలా కాస్తుంది. ఒంటరితనం ఎక్కువగా ఉన్నవాళ్ళ నిద్ర చిన్నచిన్న ముక్కలుగా తెగిపోతూ ఉంటుందని ఆయన బృందం కొలిచి చూపించింది. మెలకువలో ఆ కాపలా ఏం చేస్తుంది? ఎదుటివాడి మొహంలో శత్రుత్వం వెతుకుతుంది. మామూలుగా ఉన్న మొహం కోపంగా కనిపిస్తుంది.

మెసేజ్ పెట్టాం. అవతలివాళ్ళు చూసినట్టు గుర్తు కూడా వచ్చింది. జవాబు లేదు. పక్కన ఒక మనిషి ఉంటే ఏమంటాడు? "పనిలో ఉండి ఉంటాడులే, రేపు చేస్తాడు" అంటాడు. అంతే. చాలా చిన్న మాట. ఆ చిన్న మాట అనేవాళ్ళు లేకపోతే ఏమవుతుంది? రాత్రి పదికి మొదలైన ఆలోచన రెండు గంటలకు ఎక్కడికి చేరుతుందో మీలో కొందరికి బాగా తెలుసు. "నేనంటే ఎవరికీ ఇష్టం లేదు" అనే దగ్గరికి చేరుతుంది. మర్నాడు ఆ మనిషి నిజంగానే ఫోన్ చేస్తే మనం ముభావంగా మాట్లాడతాం. వాళ్ళూ తగ్గుతారు. చూశావా, నేను అనుకున్నదే నిజం అనుకుంటాం. ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

అందుకే ఒంటరిగా ఉన్నవాళ్ళకు "బయటికి వెళ్ళు, నలుగురిలో కలువు" అని చెప్పి ఊరుకుంటే చాలదు. కాసియోప్పో బృందమే ఒంటరితనం తగ్గించడానికి జరిగిన ప్రయత్నాలన్నిటినీ పరిశీలించింది. మనుషుల్ని కలిసే అవకాశాలు పెంచడం కంటే, ఎదుటివాళ్ళ గురించి మనసు కట్టుకున్న ఊహల్ని సరిచేసుకోవడానికి సాయపడటం ఎక్కువ పనిచేసిందని తేలింది. నాకు ఇది చాలా ముఖ్యమైన సంగతి అనిపిస్తుంది. ఆ మనిషికి కావలసింది గుంపు కాదు. తన ఊహను నెమ్మదిగా, అవమానించకుండా, "ఇలా కూడా ఉండొచ్చు కదా" అని తిప్పి చూపించే ఒక్కరు.

ఒక్కరు చాలా? చాలు అంటాను. ఇది ఓదార్పు కోసం చెప్పడం లేదు, దీనికి ఒక ప్రసిద్ధమైన ప్రయోగం ఉంది. 1950ల మొదట్లో సాలమన్ ఆష్ అనే ఆయన చేశారు. ఒక గదిలో కొంతమంది కూర్చుంటారు. ఒక గీత చూపిస్తారు. పక్కనే మూడు గీతలు చూపించి, ఇందులో ఏది మొదటి గీతంత పొడవుంది అని అడుగుతారు. చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. విడిగా అడిగితే నూటికి ఒక్క తప్పు కూడా రాలేదు. కానీ ఆ గదిలో ఒక్కడు తప్ప మిగతా అందరూ ప్రయోగం చేసేవాళ్ళ మనుషులు. ముందే అనుకున్న ప్రకారం అందరూ ఒకే తప్పు జవాబు చెబుతారు. చివర్లో ఇతని వంతు వస్తుంది. కళ్ళెదుట గీత స్పష్టంగా కనిపిస్తోంది. అందరూ ఇంకోటి చెబుతున్నారు. ఇతనేం చెబుతాడు?

నూటికి సుమారు 37 సార్లు అందరితో పాటు తప్పే చెప్పారు. పాల్గొన్నవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా లొంగారు. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ డబ్బు ఇవ్వలేదు. తమ కళ్ళ మీద తమకు నమ్మకం పోయింది, అంతే.

తర్వాత ఆష్ ఒక చిన్న మార్పు చేశారు. ఆ గుంపులో ఒక్కడి చేత సరైన జవాబు చెప్పించారు. ఒక్కడి చేతే. తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. గుంపు అలాగే ఉంది, ఒత్తిడి అలాగే ఉంది. ఒక్క మనిషి "నాకూ అలాగే కనిపిస్తోంది" అన్నాడు.

ఇందులో ఇంకా లోతైన సంగతి ఉంది, ఇది అంతగా ఎవరూ చెప్పరు. ఆ తోడున్న మనిషిని మధ్యలో తీసేస్తే ఏమవుతుందో కూడా ఆష్ చూశారు. రెండు రకాలుగా చూశారు. ఒకసారి ఆ మనిషి ఏదో పని ఉందని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. ఇంకోసారి గదిలోనే ఉండి అవతలి పక్షానికి మారిపోయాడు, గుంపుతో కలిసి తప్పు జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. లేచి వెళ్ళిపోయినప్పుడు తప్పులు కొంత పెరిగాయి కానీ, అతను ఇచ్చిన ధైర్యం చాలావరకు నిలబడింది. అవతలికి మారినప్పుడు మాత్రం తప్పులు మళ్ళీ మొదటికొచ్చాయి. దూరమైన తోడు వేరు, మోసం చేసిన తోడు వేరు. దూరమైనవాళ్ళు ఇచ్చిన బలం మనతోనే ఉంటుంది. చనిపోయిన ఆత్మీయుల గురించి ఆలోచిస్తే మీకే తెలుస్తుంది. మోసం చేసినవాడు మాత్రం వెనక్కి వెళ్ళి, అంతకుముందు ఇచ్చిన దాన్ని కూడా పట్టుకుపోతాడు.

ఈ సంగతి ప్రభుత్వాలకు తెలుసు. ఆష్ కంటే చాలాముందు నుంచీ తెలుసు.

పక్కవాణ్ణి నమ్మలేని చోట

అరిస్టాటిల్ రెండువేల మూడువందల ఏళ్ళ కింద రాశాడు, నిరంకుశుడు అధికారం ఎలా నిలబెట్టుకుంటాడో. జనం కలిసి భోంచేయడాన్ని ఆపుతాడు, సంఘాల్ని ఆపుతాడు, చదువు చుట్టూ చేరడాన్ని ఆపుతాడు. మనుషులు ఒకరికొకరు అపరిచితులుగా ఉండేటట్టు చూస్తాడు. ఎందుకంటే, పరిచయం ఉంటే నమ్మకం పుడుతుంది. ఈ మాట ఒక్కటి చాలు నాకు. పరిచయం నుంచి నమ్మకం, నమ్మకం నుంచి కలిసి నిలబడటం. మూడోదాన్ని ఆపాలంటే మొదటిదాన్నే తుంచెయ్యాలి.

తూర్పు జర్మనీలో రహస్య పోలీసు శాఖ ఉండేది, స్టాసీ అంటారు. 1989 నాటికి దానికి పూర్తికాలం ఉద్యోగులే సుమారు 91,000 మంది. కింద లక్షన్నరకు పైగా వేగులు. వీళ్ళు మామూలు మనుషులు, పక్కింటివాళ్ళు, తోటి ఉద్యోగులు. అరెస్టులు చేస్తే ప్రపంచం దృష్టిలో పడుతుందని 1970లలో వీళ్ళు కొత్త పద్ధతి పట్టుకున్నారు. 1976లో దాని మీద ఒక అధికారిక ఆదేశమే ఉంది. ఎదురు మాట్లాడే మనిషిని జైల్లో వెయ్యరు. అతని సంబంధాల్ని ఒక్కొక్కటిగా లోపలినుంచి కుళ్ళబెడతారు. అతని మీద పుకార్లు పుట్టిస్తారు. సంతకం లేని ఉత్తరాలు పంపిస్తారు. ఉద్యోగంలో ఎదగకుండా చూస్తారు, కారణం ఎప్పటికీ తెలియనివ్వరు. ఇల్లు తాళం వేసి ఉండగా లోపలికి వెళ్ళి సామాను కొద్దిగా అటూ ఇటూ జరిపి వస్తారు. దొంగతనం కాదు, ఊరికే జరిపి వస్తారు.

ఎందుకండీ సామాను జరపడం? ఆలోచించండి. ఆ మనిషి ఎవరికైనా చెప్పుకుంటే, "మా ఇంట్లో గిన్నెలు చోటు మారాయి, ఎవరో వచ్చారు" అంటే, వినేవాళ్ళేమనుకుంటారు? నీకు మతి చలించింది అనుకుంటారు. కొన్నాళ్ళకు అతనూ అలాగే అనుకుంటాడు. "నీకూ అలాగే కనిపిస్తోందా?" అని అడిగే దారి మూసేశారు. అడిగినా నమ్మరు. నమ్మేవాడు దొరికితే, వాడే వేగు కావచ్చు.

బెర్లిన్ గోడ పడిపోయాక, 1992 నుంచి ఆ ఫైళ్ళను ఎవరివి వాళ్ళు చూసుకునే వీలు కల్పించారు. చూసుకున్నవాళ్ళలో కొందరికి తమ మీద రిపోర్టులు రాసింది ప్రాణ స్నేహితులని తెలిసింది. ఒకామెకు తన భర్తేనని తెలిసింది. ప్రభుత్వం పోయి, పోలీసులు పోయి, అంతా అయిపోయాక కూడా ఆ గాయం కొత్తగా తగిలింది వాళ్ళకు. ఇందాక చెప్పాను కదా, మోసం చేసినవాడు వెనక్కి వెళ్ళి పాతదాన్ని కూడా పట్టుకుపోతాడని. ఇరవయ్యేళ్ళ స్నేహంలో ఏ సాయంత్రం నిజం, ఏ సాయంత్రం రిపోర్టు కోసం?

హన్నా అరెంట్ గురించి చెప్పకుండా ఈ విషయం దాటలేను. యూదు మహిళ, రాజకీయాల మీద లోతుగా ఆలోచించి రాసినావిడ. 1933లో జర్మనీ నుంచి పారిపోయారు, 1941లో అమెరికా చేరారు. నియంతృత్వాల మీద ఆమె చేసిన ఆలోచన అంతా చివరికి ఒంటరితనం దగ్గరికి వచ్చి ఆగుతుంది. కలిసి పనిచేయలేకుండా మనుషుల్ని విడగొట్టడం ఒక మెట్టు. అది అన్ని నిరంకుశ ప్రభుత్వాలూ చేస్తాయి. దాని తర్వాతి మెట్టులో మనిషికి తన అనుభవం మీదే నమ్మకం పోతుంది. అలాంటి మనిషికి ఒక సిద్ధాంతం ఇచ్చి చూడండి. ఒక మాట నిజమని ఒప్పుకుంటే దాని వెంట రెండోది, దాని వెంట మూడోది, గొలుసులా వచ్చేస్తాయి. చివరికి ఎంత భయంకరమైన చోటికి చేరినా తర్కం ఎక్కడా తెగదు. ఒంటరి మనిషి ఎప్పుడూ ఒకదాన్నుంచి ఇంకోటి తీసుకుంటూ పోయి, అన్నిటినీ చెడ్డగానే ఊహిస్తాడని క్రైస్తవ సంస్కర్త మార్టిన్ లూథర్ అన్న మాటను ఆమె ఇక్కడ గుర్తుచేస్తారు.

రాత్రి రెండు గంటలకు జవాబు రాని మెసేజ్ గురించి ఆలోచించే మనిషికీ, ఫలానా జాతివల్లే లోకమంతా నాశనమవుతోందని తీర్మానించే మనిషికీ ఆలోచన నడిచే దారి ఒకటే. ఇద్దరికీ మధ్యలో ఆపి "ఆగు, అది అలా కాదేమో" అనేవాళ్ళు లేరు.

మీలో ఎవరైనా అడగొచ్చు. అలాంటివాళ్ళు ఇప్పుడు ఒంటరిగా లేరు కదా, వేలమంది కలిసి ఉన్నారు కదా, ఫోన్లో గ్రూపులు ఉన్నాయి కదా అని. నిజమే, ఉన్నారు. కానీ నేను అన్నదాన్నే నాకు తిరిగి వినిపించే వెయ్యిమంది ఉంటే నాకు రెండో మనిషి దొరికినట్టేనా? రెండో మనిషి అంటే, కాదు అనగలవాడు. కాదు అన్నాక కూడా నాతో కూర్చోగలవాడు. ఆ గ్రూపుల్లో ఒక్కసారి కాదని చూడండి, మర్నాడు మీరు ఉండరు. అక్కడున్నది వెయ్యిమంది ఒంటరివాళ్ళు.

దీనికి ఎదురుగా ఇంకో చిత్రం చెబుతాను. ఇది చెప్పకుండా రాజకీయం ముగిస్తే అన్యాయం అవుతుంది.

అర్జెంటీనాలో 1976 మార్చిలో సైన్యం అధికారం తీసుకుంది. యువకుల్ని, యువతుల్ని రాత్రిళ్ళు ఎత్తుకుపోవడం మొదలైంది. అరెస్టు కాగితం ఉండదు, శవం ఉండదు. తల్లులు ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళు. మీ అబ్బాయి పేరు మా దగ్గర లేదు అనేవాళ్ళు. ఏ విదేశానికో వెళ్ళిపోయి ఉంటాడు అనేవాళ్ళు. ప్రతి తల్లినీ ఇది నీ ఒక్కదాని గొడవ, నీ పెంపకంలో లోపం అన్నట్టు పంపించేసేవాళ్ళు. చుట్టాలు రావడం మానేశారు. ఆ ఆఫీసుల వరండాల్లో, ఆ క్యూలలో కూర్చుని కూర్చుని, ఆ తల్లులు ఒకరినొకరు చూసుకున్నారు. మీ అబ్బాయా? మా అమ్మాయి. అంతే, అక్కడే పుట్టింది. అసుసేనా వియ్యాఫ్లోర్ అనే తల్లి, ఇలా విడివిడిగా తిరిగితే ఏమీ సాధించలేం, చౌరస్తాకు వెళదాం అన్నారు.

1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో, అధ్యక్ష భవనం ఎదురుగా ఉన్న ప్లాసా దె మాయోకి వచ్చారు. గుంపుగా నిలబడటం నిషేధం. పోలీసులు వచ్చి నిలబడకూడదు, నడవండి అన్నారు. సరే, నడుస్తాం అన్నారు వాళ్ళు. ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని చౌరస్తా చుట్టూ నడవడం మొదలుపెట్టారు. తర్వాత ప్రతి గురువారం వచ్చారు, తలకు తెల్లగుడ్డ కట్టుకుని. ఇద్దరిద్దరుగా నడవడం అనేది నా మనసులో ఎప్పటికీ ఉండిపోయింది. ప్రభుత్వం ఒప్పుకున్న అతిపెద్ద గుంపు ఇద్దరు. ఆ ఇద్దరే సరిపోయారు.

అదే ఏడాది డిసెంబర్‌లో అసుసేనాను, ఇంకొందరిని సైన్యం ఎత్తుకుపోయింది. చంపేసింది. 2005లో ఆవిడ అవశేషాల్ని డీఎన్ఏ పరీక్షతో గుర్తించి, చితాభస్మాన్ని ఆ చౌరస్తాలోనే ఉంచారు. ఆమె పోయిన తర్వాత కూడా మిగతా తల్లులు నడవడం ఆపలేదు. సైనిక ప్రభుత్వం 1983లో పోయింది. తల్లులు ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు నడిచారు.

గుహలో ఉన్నవాడు, జైలు గదిలో ఉన్నవాడు

ఇప్పుడు ఆధ్యాత్మికం. ఇక్కడ మీలో కొందరికి అభ్యంతరం ఉంటుందని తెలుసు. ఒంటరితనం ఇంత చెడ్డదైతే ఋషులు అడవులకు ఎందుకు వెళ్ళారు, బుద్ధుడు ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళాడు, అని. న్యాయమైన ప్రశ్న.

ముందు ఒక జైలు గురించి చెప్పి అక్కడికి వస్తాను. 1829లో అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ అని ఒక జైలు తెరిచారు. దాని వెనక ఉన్న ఆలోచనలో క్వేకర్లనే క్రైస్తవుల ప్రభావం చాలా ఉంది. వాళ్ళు దుర్మార్గులు కారు, చాలా దయగలవాళ్ళు. కొరడా దెబ్బలు, ఉరికొయ్యలు చూసి బాధపడినవాళ్ళు. ఖైదీని ఒక గదిలో ఒంటరిగా ఉంచి, చేతికి బైబిల్ ఇచ్చి, పైకప్పులోంచి కొంచెం వెలుతురు పడేలా చేస్తే, తనలో తాను చూసుకుని పశ్చాత్తాపపడి దేవుడి దగ్గరికి వస్తాడని నమ్మారు. గది బయటికి తీసుకొస్తే మొహం కనపడకుండా ముసుగు వేసేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఇంకో ఖైదీ మొహం చూడకూడదు.

ఏమైంది? 1842లో చార్లెస్ డికెన్స్ అక్కడికి వెళ్ళి చూసి, మనిషి మెదడుతో రోజూ కొంచెం కొంచెంగా ఇలా ఆడుకోవడం ఏ శారీరక హింస కంటే కూడా ఘోరమని రాశాడు. 1890లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఇలాంటి ఖైదులో కొద్దికాలానికే చాలామంది మతిలేనివాళ్ళయ్యారని, కొందరికి పూర్తిగా పిచ్చెక్కిందని, కొందరు ఆత్మహత్య చేసుకున్నారని రాసింది. శిక్షపడుతుందని తెలిసి కూడా ఖైదీలు గోడల్లో పైపుల్ని తట్టి పక్క గదివాడితో మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఐక్యరాజ్య సమితి 2015లో ఒప్పుకున్న నియమాలున్నాయి, మండేలా పేరు మీద. రోజుకు 22 గంటలు, అంతకు మించి మనుషులతో సరైన మాట లేకుండా ఉంచితే అది ఏకాంత ఖైదు. వరుసగా 15 రోజులు దాటితే నిషేధం. 27 ఏళ్ళు జైల్లో ఉన్న మండేలా, తనకు అన్నిటికంటే భయంకరంగా అనిపించింది ఈ ఏకాంత ఖైదేనని చెప్పారు. అక్కడ మన మనసు తప్ప ఇంకేమీ ఉండదు, అది మాయలు చెయ్యడం మొదలుపెడుతుంది, ఇది కలా, నిజంగా జరిగిందా అని ప్రతిదాన్నీ ప్రశ్నించుకుంటాం అన్నారు. చూశారా? కొరడా గురించి చెప్పలేదాయన, రాళ్ళు కొట్టడం గురించి చెప్పలేదు. కలా నిజమా తెలియకపోవడం గురించి చెప్పారు.

మరి గుహలో కూర్చున్నవాడికి అదే గది, అదే నిశ్శబ్దం. అతనెలా బాగున్నాడు?

తనే కోరుకుని వెళ్ళాడు కాబట్టి అంటారు. కొంత నిజం. కానీ కోరుకోవడం ఒక్కటే చాలదు. నాలుగో శతాబ్దపు ఈజిప్టు ఎడారుల్లో వేలమంది క్రైస్తవ సన్యాసులు ఉండేవారు. వాళ్ళలో హెరోన్ అనే వృద్ధుడి కథ కాసియన్ అనే క్రైస్తవ సన్యాసి రాసిపెట్టాడు. 50 ఏళ్ళు ఎడారిలో ఉన్నాడు. అందరికంటే కఠినంగా ఉపవాసాలు చేశాడు. పండగ రోజున కూడా తోటి సన్యాసులతో కూర్చుని తినేవాడు కాదు, తన నియమం ఎక్కడ సడలుతుందో అని. ఒకరోజు దేవదూత కనిపించి, నీ పుణ్యం వల్ల నీకు ఏ అపాయమూ జరగదు అన్నట్టు అనిపించింది. లోతైన బావిలో దూకేశాడు. మూడోరోజు చనిపోయాడు. అతను కోరుకునే వెళ్ళాడు, భక్తి తక్కువేమీ లేదు. తనకు కనిపించింది ఇంకొకరికి చెప్పే అలవాటు లేదు, అంతే. మనసులోకి వచ్చిన ప్రతి ఆలోచననూ పెద్దల ముందు పెట్టాలని ఆ ఎడారి సన్యాసులు అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

ఆ ఈజిప్టు ఎడారుల్లోనే ఆంటొని అనే సన్యాసి ఉన్నాడు. పాడుబడిన కోటలో దాదాపు 20 ఏళ్ళు ఒక్కడే. కానీ ఏడాదికి రెండుసార్లు స్నేహితులు వచ్చి రొట్టెలు పైనుంచి లోపలికి దించేవాళ్ళు. బయట నిలబడి మాట వినేవాళ్ళు. చివరికి వాళ్ళే తలుపు పగలగొట్టారు. బయటికొచ్చిన ఆంటొని శాంతంగా, స్థిమితంగా ఉండటం చూసి అందరూ ఆశ్చర్యపోయారట. అరుణాచలంలో పాతాళలింగం దగ్గర పదహారేళ్ళ రమణులు ఒళ్ళు మరిచి కూర్చున్నప్పుడు, పురుగులు కుట్టినా తెలియని స్థితిలో ఉన్నప్పుడు, పిల్లలు రాళ్ళు వేస్తుంటే శేషాద్రి స్వామి కాపు కాశారు. రమణుల్ని ఎత్తి బయటికి తెచ్చినవాళ్ళున్నారు, నోట్లో ముద్ద పెట్టినవాళ్ళున్నారు. తర్వాత ఆయన బతికినంతకాలం జనం మధ్యనే ఉన్నారు.

హీరా గుహలో ముహమ్మద్ ప్రవక్తకు మొదటి అనుభవం కలిగినప్పుడు ఏం చేశారు? వణుకుతూ ఇంటికొచ్చి, నన్ను కప్పండి అన్నారు. జరిగింది భార్య ఖదీజాకు చెప్పారు. ఆమె ధైర్యం చెప్పి, తెలిసిన పెద్ద మనిషి దగ్గరికి తీసుకెళ్ళారు. అంతటి అనుభవం కూడా ముందు ఒక మనిషితో చెప్పుకోవలసి వచ్చింది. మంచి స్నేహం ఈ మార్గంలో సగం కదా అని శిష్యుడు ఆనందుడు అడిగితే బుద్ధుడు, అలా అనకు ఆనందా, సగం కాదు, మొత్తం అదే అన్నాడు. ఒంటరిగా సాగిపొమ్మని భిక్షువులకు చెప్పే బౌద్ధంలోనే ఈ మాటా ఉంది.

బృహదారణ్యకంలో ఒక చోటు ఉంది, దాని దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. మొదట ఆత్మ ఒక్కటే ఉంది. అటూ ఇటూ చూస్తే తను తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు భయపడింది. అందుకే ఒంటరిగా ఉన్నవాడు భయపడతాడు అంటుంది ఉపనిషత్తు. తర్వాత ఆలోచించింది, నేను తప్ప ఇంకొకరు లేనప్పుడు ఎవరికి భయపడాలి? భయం పోయింది. రెండోదాని వల్లే కదా భయం కలిగేది. ఇక్కడితో ఆపెయ్యొచ్చు, చాలామంది ఇక్కడే ఆపేస్తారు కూడా. కానీ వెంటనే వచ్చే వాక్యం ఏమిటి? అయినా దానికి ఆనందం లేదు. ఒంటరిగా ఉన్నవాడికి ఆనందం ఉండదు. అది రెండోదాన్ని కోరుకుంది.

చూడండి ఎంత ధైర్యంగా చెప్పిందో. రెండోదాని వల్ల భయం. రెండోది లేకపోతే ఆనందం లేదు. కాసియోప్పో ల్యాబులో కూర్చుని కొలిచింది దాదాపు ఇదే. ఒంటరి మనిషి మనుషుల్ని కోరుకుంటాడు, మనుషులకే భయపడతాడు. జ్ఞానంతో భయం పోతుందని ఉపనిషత్తు ఒప్పుకుంది. జ్ఞానం ఒక్కదానితో ఆనందం వస్తుందని అనలేదు.

గీతలో ఆరో అధ్యాయం పదో శ్లోకం, యోగి ఏకాంతంలో, ఒంటరిగా, మనసు నిలుపుకోవాలంటుంది. అదే అధ్యాయంలో 32వ శ్లోకానికి వచ్చేసరికి, ఎదుటివాడి సుఖాన్నీ దుఃఖాన్నీ తనదానిలా చూసేవాడే గొప్ప యోగి అంటుంది. గదిలోకి వెళ్ళమన్నది ఇక్కడికి రావడానికే. ధ్యానం చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు ఈ సభలో, మిమ్మల్ని అడుగుతున్నాను. మీ సాధన మొదలయ్యాక ఇంట్లోవాళ్ళ బాధ మీకు ఎక్కువగా వినపడుతోందా, తక్కువగా వినపడుతోందా?

ఇంకొక్క సంగతి. కొందరికి తోడు ఉన్నా, గురువు ఉన్నా, సంఘం ఉన్నా, దేవుడే పలకడు. ఆ ఒంటరితనం వేరు. మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో అచ్చయినప్పుడు ప్రపంచం విస్తుపోయింది. పేదల మధ్య పని మొదలుపెట్టినప్పటి నుంచి, దాదాపు 50 ఏళ్ళు, లోపల అంతా చీకటిగా, ఖాళీగా ఉందని రాసుకున్నారు. ప్రార్థన చేస్తే ఎవరూ లేనట్టు ఉండేదట. బయట ఆ నవ్వు, ఆ పని, లోపల ఇది. కొందరు అప్పుడు ఆమెను తప్పుపట్టారు కూడా, నమ్మకం లేకుండా నటించిందని. ఆ మాట అనడానికి వాళ్ళకు నోరెలా వచ్చిందో నాకు అర్థం కాదు. ఏ ప్రతిఫలమూ లేకుండా, లోపలినుంచి ఒక్క ఓదార్పు మాటైనా లేకుండా 50 ఏళ్ళు రోగుల్ని మోసిన మనిషి ఆమె.

ఆ చీకటిని ఆమె పూర్తిగా దాచుకోలేదు. కొందరు గురువులకు రాశారు. 1960ల మొదట్లో ఒక జెస్యూట్ ఫాదర్‌తో చెప్పుకున్నారు. ఆయన దాన్ని పోగొడతానని అనలేదు, దీనికి మనుషులు చేసే వైద్యం లేదన్నారు. ఇది మీ తప్పువల్ల వచ్చింది కాదన్నారు. దేవుడి కోసం మీలో ఇంత తపన ఉందంటే ఆయన లేనట్టు కాదన్నారు. ఆ తర్వాత ఆమె, ఈ చీకటిని ప్రేమించడం నేర్చుకుంటున్నానని రాశారు. చీకటి పోలేదు. చివరిదాకా పోలేదు. తన ఉత్తరాలన్నీ తగలబెట్టమని ఆమె అడిగారు, దగ్గరున్నవాళ్ళు తగలబెట్టలేదు. అందువల్లే ఇవాళ అలాంటి స్థితిలో ఉన్నవాళ్ళు వాటిని చదవగలుగుతున్నారు.

సమయం దాటింది, నిర్వాహకులు ఇందాకటి నుంచీ గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలు ఉన్నవాళ్ళు అడగండి, అరగంట ఉంది. అందరి ముందు అడగడం ఇష్టం లేనివాళ్ళు ఉంటే, సభ అయ్యాక నేను ఇక్కడే కూర్చుంటాను, వచ్చి మాట్లాడండి.